చెంచాల లెక్క, 'ఓపిక' అనే మాట
క్రిస్టీన్ మిజరాండినో 2003లో రాసిన 'ది స్పూన్ థియరీ'లో లూపస్ వ్యాధిగ్రస్తురాలు స్నేహితురాలి చేతికి 12 చెంచాలిచ్చి, దినచర్యలోని పనులు చెప్పించుకుంటూ వాటిని వెనక్కి తీసుకుంటుంది. ఈ రూపకం బలం వర్ణనలో లేదు. శ్రోత చేయి ఖాళీ కావడంలో ఉంది. అయితే వ్యాధి ఉద్ధృతి చెప్పి రాదు. ఒక చెంచా దాచుకోవాలన్న జాగ్రత్త ఆ అనిశ్చితిని కొంతమేరకే పట్టుకుంటుంది. రోగాన్ని రూపకాల నుంచి విడిపించాలన్న సూసన్ సాంటాగ్ వాదం (1978) ఇక్కడ పూర్తిగా వర్తించదు. ఆమె ఖండించినవి ప్రధానంగా క్షయ, క్యాన్సర్ రోగులపై సమాజం మోపిన రూపకాలు. ఇది రోగి స్వయంగా ఎంచుకున్నది.

తెలుగులో చిక్కు వేరు. శరీరశక్తికీ సహనానికీ 'ఓపిక' ఒకే మాట. "ఓపిక లేదు" అన్న రోగి మాట, ముఖ్యంగా ఆమె ఇల్లాలైతే, గుణదోషంగా వినబడవచ్చు. చెంచా ఆ తీర్పుకు తావివ్వదు. అనువాదకులు దానిని 'ఓపిక'గా మార్చితే ఆ తీర్పే తిరిగివస్తుంది.