పూర్వపక్షము, సిద్ధాంతము: మార్టిన్ లూథర్ కింగ్ గద్యరచనలు

మార్టిన్ లూథర్ కింగ్ రచనలలో పాఠ్యగ్రంథముల కెక్కినది, సంకలనములలో మరల మరల ముద్రితమగుచున్నది 1963వ సంవత్సరమున ఆయన బర్మింగ్‌హామ్ చెఱసాలనుండి వ్రాసిన లేఖ. 1967లో ప్రకటితమైన 'ఇచటనుండి మనము పోవునది ఎక్కడికి: అరాజకమా, సమాజమా?' అను గ్రంథమునకు అంతటి పాఠకలోకము లేదు. రచనాశిల్పమును మాత్రమే గణించినచో ఈ తారతమ్యము న్యాయమే. కాని జాతివివక్ష, న్యాయము, దారిద్ర్యము, నైతిక నాయకత్వము అను నాలుగింటికిని ఆయన చింతనలో గల అన్యోన్యసంబంధమును గుర్తింపవలెనన్నచో, లేఖతో ఆగిన పాఠకుడు సగమే చదివినవాడగును. మన శాస్త్రపరిభాషలో చెప్పినచో లేఖ పూర్వపక్షఖండనము. సిద్ధాంతము గ్రంథమున నున్నది. దీనిని నిరూపించుటయే ఈ వ్యాసోద్దేశము.

లేఖావిర్భావము సుప్రసిద్ధము. 1963 ఏప్రిల్ 12న, గుడ్ ఫ్రైడే నాడు, ఊరేగింపులపై నున్న నిషేధమును ధిక్కరించి కింగ్ నిర్బంధమునకు లోనయ్యెను. ఆ సమయముననే అలబామా రాష్ట్రమునకు చెందిన ఎనమండుగురు శ్వేతజాతి మతాచార్యులు ఆ ఉద్యమము అకాలికమనియు, బయటివారు ప్రేరేపించినదనియు ఒక ప్రకటనము వెలువరించిరి. కింగ్ మొదట వార్తాపత్రిక అంచులమీదను, పిదప దొరకిన కాగితపు ముక్కలమీదను దానికి ప్రత్యుత్తరము వ్రాసెను. లేఖపై నున్న తేది ఏప్రిల్ 16.

ఈ లేఖానిర్మాణము తర్కశాస్త్రపరిచయము గల మన పాఠకులకు క్రొత్తది కాదు. ప్రతిపక్షి మాటను మొదట వక్రీకరింపక అనువదించుట, అందలి దోషమును చూపుట, పిదప స్వపక్షమును స్థాపించుట అను క్రమము ఇందు ఆద్యంతము కానవచ్చును. బయటివాడనుట, ప్రదర్శనలకంటె సంప్రదింపులు మేలనుట, కాలము పరిపక్వము కాలేదనుట, చట్టము నుల్లంఘించుట తగదనుట, అతివాది యనుట, ఇవి ముఖ్యాక్షేపములు. చట్టమును గూర్చిన ఆక్షేపమునకు సమాధానముగా ఆయన అగస్టీను, అక్వినాసు, మార్టిన్ బూబరు మొదలగువారిని ప్రమాణముగా గొనుచున్నాడు. ఈ ప్రమాణముల యెంపికలో ఔచిత్యమున్నది. ఆ యెనమండుగురిలో ఏడుగురు క్రైస్తవులు, ఒకరు యూదు మతాచార్యుడు. వారు కాదనజాలని ఆప్తవాక్యములతోనే వారికి బదులు చెప్పుట వాదనీతి.

అతివాది యను నిందను ఆయన గ్రహించిన తీరు మన ఆలంకారికులు చెప్పిన వక్రోక్తికి సన్నిహితమైనది. మొదట నొచ్చుకొని, పిదప ఆ పదమునే అంగీకరించి, క్రీస్తును, ఆమోసును, పౌలును, లూథరును, లింకనును ఆ శ్రేణిలో నిలిపి, అతివాదము దేనికొరకు అను క్రొత్త ప్రశ్నను ఎదుటివారిపై మోపుచున్నాడు. నింద వేసినవాడే సమాధానము చెప్పవలసినవాడగుచున్నాడు.

లేఖలో విమర్శకుల దృష్టి నాకర్షించిన వాక్యమొకటి కలదు. వేచియుండుడని చెప్పువారికి బదులుగా వ్రాసిన ఆ వాక్యము ఇంగ్లీషున మూడువందల పదములను మించినది. మూకల హింసనుండి, వినోదశాలకు పోవలదన్నప్పుడు ఆరేండ్ల కుమార్తె కన్నులలో నిండిన నీటివరకు ఉపవాక్యములు ఒకదానిపై నొకటి పేరుకొనును. ప్రధానవాక్యము చివరగాని రాదు. అందాక పాఠకుడు వేచియుండక తప్పదు. నిరీక్షణము ఎట్టిదో వర్ణించుటయే కాక, పాఠకునిచేత అనుభవింపజేయుట ఇందలి విశేషము. తెలుగున అనువదించువారి కిచట ఒక చిక్కు కలదు. సమాపకక్రియను చివర నుంచుట మనకు సహజము గనుక, ఇంగ్లీషున అపూర్వమైన ఆ జాగు తెలుగున సామాన్యక్రమముగా తోచును. అర్థము దక్కినను వ్యంగ్యము జారిపోవును.

ఆ వాక్యముననే, సంపన్నసమాజము నడుమ దారిద్ర్యమను గాలిచొరని పంజరమున ఊపిరాడక యున్న నల్లజాతి జనులు ఒక ఉపవాక్యముగా దర్శనమిత్తురు. 1963లో ఒక ఉపవాక్యముగా నున్నదే 1967 నాటికి ఒక గ్రంథమైనది. లేఖ ప్రధానముగా కోరిన న్యాయము చట్టపరమైనది: ఒక బల్లయొద్ద కూర్చుండి తినుట, ఓటువేయుట, పేరుపెట్టి గౌరవముగా పిలువబడుట. 1964లో పౌరహక్కుల చట్టము, 1965లో ఓటుహక్కు చట్టము వచ్చినవి. 1966లో కింగ్ షికాగో నగరపు పడమటి భాగమున పేదల వాడలో ఒక అద్దెయింట నివసించి, గృహవివక్షకు వ్యతిరేకముగా ఉద్యమము నడపెను. ఆగస్టు 5న ఊరేగింపులో ఆయన తలకు రాయి తగిలెను. ఉత్తరదేశమున వేరు అనువారి చట్టము లేదు. అయినను వాడలు వేరు, బడులు వేరు, బ్రతుకులు వేరు. చట్టమునకు అందని అన్యాయమునకు మందేమి యను ప్రశ్నమునకు సమాధానమే 1967 నాటి గ్రంథము.

అందలి మూలసూత్రము సరళమైనది. తొలిదశలోని విజయములకు దేశము వెచ్చించినది ఏమియు లేదు. భోజనశాలల తలుపులు తెరచుటకు, ఓటు నిచ్చుటకు పన్ను పెంచనక్కరలేదు. ఇండ్లు, ఉద్యోగములు, విద్య కల్పించుటకు మాత్రము ధనము వలయును. నిన్నటిదాక వెంట నడచిన మిత్రులు ఇచట ఆగిపోయిరని కింగ్ నిర్మొగమాటముగా చెప్పుచున్నాడు. నల్లజాతి పేదలకంటె శ్వేతజాతి పేదలు సంఖ్యలో రెండింతలని గుర్తుచేసి, అందరికిని ఆదాయమునకు హామీ ఉండవలెననియు, అది కనీసపు మట్టమున కాక దేశపు మధ్యస్థాదాయమునకు అనుబద్ధమై యుండవలెననియు ప్రతిపాదించుచున్నాడు.

భాషాధ్యయనపరులకు ఆసక్తి గొల్పు భాగము నిందు కలదు. రోజే పర్యాయపదకోశమున నలుపునకు గల సుమారు 120 పర్యాయపదములలో అరువదియైనను నిందార్థకములనియు, తెలుపునకు గల 134లో అన్నియు ప్రశంసార్థకములే యనియు ఆయన లెక్కించి చూపెను. అన్యాయము శాసనములలోనే కాక నిఘంటువులలోను కాపురముండునని దీని తాత్పర్యము. కులనామములు తిట్లుగా మారిన మన భాషయు ఇట్టి పరీక్షకు నిలువవలసినదే.

ఈ గ్రంథముపై రెండు ఆక్షేపములు చేయవచ్చును. మొదటిది శిల్పమునకు సంబంధించినది. లేఖకు ఎదుట ఎనమండుగురున్నారు. గ్రంథమునకు స్పష్టమైన సంబోధ్యుడు లేడు. ఒకవంక వెనుదీయు శ్వేతజాతి మితవాదులతోను, మఱొకవంక 1966లో 'నల్లవారి అధికారము' అను నినాదము నెత్తిన యువకులతోను వాదింపవలసి వచ్చుటచే రచన అచటచట పట్టుసడలినది. ఈ యాక్షేపము అంగీకార్యము.

రెండవది తాత్త్వికము: దారిద్ర్యము పేరిట కింగ్ జాతిసమస్యను పలుచన చేసెనని. ఇది నిలువదు. ఆ గ్రంథముననే శ్వేతజాతి దురభిమానమునకు, దాని ప్రతిఘటనకు ఒక అధ్యాయము కేటాయింపబడినది. అయితే చిక్కు మఱియొకచోట నున్నది. న్యాయము జరిగిన అపకారమునకు చెల్లింపవలసిన ఋణమా, ఉన్న అవసరమునకు ఇవ్వవలసిన సాయమా? 1964 నాటి 'మేమేల వేచియుండలేము' అను గ్రంథమున ఆయన 1959 నాటి తన భారతయాత్రను స్మరించెను. అస్పృశ్యులకు విద్యాలయ ప్రవేశమున ప్రాధాన్యమిచ్చుట వివక్ష కాదా యని తోడివచ్చిన వారొకరు ప్రశ్నింపగా, కావచ్చుననియు, అయినను శతాబ్దుల అన్యాయమునకు ఇది తమ ప్రాయశ్చిత్తమనియు నెహ్రూ బదులిచ్చెనట. ఇది ఋణవాదము. కాని ఆ పుస్తకముననే కింగ్ ప్రతిపాదించిన హక్కుల పత్రము శ్వేతజాతి పేదలకును వర్తించును, ఇది అవసరవాదము. ఈ రెంటిని ఆయన ప్రక్కప్రక్కన నిలిపెనేగాని, ఒకదానికొకటి అడ్డుపడినప్పుడు ఏది బలీయమో నిర్ణయింపలేదు. ఆయన చింతనలో మిగిలిన కొఱత ఇదియే. మన దేశమున నేటికిని చర్చకు వచ్చుచున్న ప్రశ్నయు ఇదియే.

నాయకత్వమును గూర్చిన ఆయన భావమును ఈ భూమికపై నిలిపి చూడవలెను. నిజమైన నాయకుడు జనాభిప్రాయమును వెదకువాడు కాడు, దానిని రూపొందించువాడని 1968 మార్చి 31న వాషింగ్టన్ ప్రార్థనాలయమున ఆయన ప్రసంగించెను. లేఖలో ఆయన మందలించినది తన ఉద్యమమును ఆక్షేపించినవారిని. 1967 ఏప్రిల్ 4న వియత్నాం యుద్ధమును ఖండించినపుడు దూరము చేసికొనినది మిత్రులను. రెండవదియే కఠినతరము. 1968 ఫిబ్రవరి 12న మెంఫిస్ నగరమున సుమారు 1300 మంది పారిశుద్ధ్యకార్మికులు సమ్మె కట్టిరి. వారు నల్లవారు, పేదలు. వారి సమ్మెలో కూలి, గౌరవము వేర్వేరు కోరికలు కావు. గ్రంథమున తర్కముచే సంపూర్ణముగా కలియని రెండు వాదములు అచట కార్యరూపమున కలిసినవి. ఆ సమ్మెకు అండగా వెళ్లిన కింగ్ ఏప్రిల్ 4న హత్యకు గురియయ్యెను.

పూర్వపక్షఖండనము వినుటకు ఇంపుగా నుండును. సిద్ధాంతము ఆచరణము నడుగును. లోకము లేఖను తలదాల్చి గ్రంథమును మరచుటకు శిల్పభేదమొక్కటే కారణము కాదు. లేఖ నేడు పాఠకునినుండి అంగీకారమును మాత్రమే కోరును. గ్రంథము వ్యయమును కోరును. కావున కింగును తెలుగువారికి పరిచయము చేయదలచినవారు ఈ రెంటిని జోడించి అనువదించుట యుక్తము. ఒకటి లేనిదే రెండవది అసంపూర్ణము.