వీథియు వీథులును: క్రీడాభిరామమునుండి మంగళగిరి వఱకు

క్రీడాభిరామమును గూర్చి యిన్నాళ్లుగా జరుగుచున్న చర్చ మూఁడు త్రోవలఁ బడినది. మొదటిది కర్తృత్వచర్చ. గ్రంథము వినుకొండ వల్లభరాయని పేర నున్నది. అయినను ఇది శ్రీనాథకృతమని వేటూరి ప్రభాకరశాస్త్రిగారు మొదలగువారు వాదించిరి, వల్లభరాయనిదే యని తక్కినవారు నిలిచిరి. రెండవది చరిత్రచర్చ. సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువరించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో దీనిని ప్రధానాధారములలో నొకటిగాఁ గైకొనిరి. నాఁటినుండి యిది పూర్వుల తిండితీర్థములను, ఆటపాటలను త్రవ్వి తీయు గనివలె వాడఁబడుచున్నది. మూఁడవది చర్చ కాదు, మౌనము: శృంగారము మితిమీఱినదని పాఠశాలల గడప దాఁటనీయకుండుట. ఈ మూఁటిలో నేదియు నిది కావ్యముగా నెట్లు నడచుచున్నదను ప్రశ్నను ముట్టదు. ఆ ప్రశ్నయే యీ వ్యాసమునకు విషయము.

కథ యనఁదగినది స్వల్పము. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి యను నిద్దఱు చెలికాండ్రు ఓరుగల్లు పట్టణమున నొకనాఁడు ఉదయము మొదలుకొని వీథులు తిరుగుదురు. గుడులు, జాతరలు, కోళ్లపందెములు, పొట్టేళ్ల పోరాటములు, పల్నాటి వీరులకథ పాడువారు, మాచలదేవి చిత్రశాల, పూఁటకూళ్ల యిల్లు – ఇవి వారి మజిలీలు. రావిపాటి త్రిపురాంతకుని ప్రేమాభిరామ మను సంస్కృతరూపకము దీనికి మూలము. ఆ మూలము నేఁడు లభింపదు.

లాక్షణికులు దీనిని దశరూపకములలోని వీథి యందురు. ఏకాంకము, ఒకటి రెండు పాత్రలు, ఆకాశభాషితములు దాని లక్షణములు. మన కవి యీ లక్షణమును కేవలము పాటించి యూరకుండలేదు. రూపకము పేరులోని వీథిని నిజమైన వీథిగా మార్చినాఁడు. ఇందు అంకము వీథి పొడవున సాగును. పాత్రలు నిలిచినచోట వర్ణన నిలుచును, నడచినచోఁ గదలును. సంస్కృత భాణములలో విటుఁడొక్కఁడు నగరము తిరుగుచు దారిలోఁ గనఁబడినవారితో మాటలాడును. అట్టి ప్రాచీన భాణములు నాలుగింటిని చతుర్భాణి యను పేర 1922లో వెలువరించినవారిలో మానవల్లి రామకృష్ణకవిగా రొకరు. క్రీడాభిరామమును లోకమునకుఁ దెచ్చినవారును వారే. అఱవమున మదురైక్కాంచి మధురానగరపు సంతలను పగలును రేయును చూపును. కాఁబట్టి నగరసంచారము మన కవి క్రొత్తగాఁ గనిపెట్టినది కాదు. ఆయన విశేష మేమనఁగా, భాణములో నగరము విటుని సొత్తు. ఇచ్చట నగరము ఇద్దఱి సంభాషణలోఁ బుట్టుచున్నది. ఒకనికిఁ దెలిసినది మఱియొకనికి వింత.

ఈ పద్ధతికి పరీక్షాస్థలము భోజనవర్ణనము. మన కావ్యములలో భోజనవర్ణన మనఁగాఁ దఱచుగాఁ బట్టిక. పెండ్లి వచ్చినఁ జాలును, కవి తన పదసంపదను విస్తరిలో వడ్డించును. ఆముక్తమాల్యద యీ పట్టికకుఁ బ్రాణము పోసినది: విష్ణుచిత్తుని యింట వానకాలమున నొక విందు, చలికాలమున నొక విందు, వేసవిని వేఱొకటి. అచ్చట అన్నము ఋతువుతో ముడివడినది, గృహస్థుని భక్తితో ముడివడినది. క్రీడాభిరామమున నన్నము వీథితోను వెలతోను ముడివడినది. లక్ష్మణవజ్ఝల యిల్లని యింటిపేరున్నది. రూక యని వెల యున్నది. సన్నబియ్యపుటన్నము, గోధుమపిండివంట, పంచదార, క్రొత్తగాఁ గాచిన నేయి, పెసరపప్పు, అరఁటిపండ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగు – ఇంతే వడ్డన. ఆ యింటఁ దినువాఁడు అతిథి కాఁడు, చుట్టము కాఁడు. రూక యిచ్చిన పరదేశి. ఎవరింటఁ బుట్టితివని యడుగక యాఁకలికి వెలకట్టి విస్తరి వేయు నిల్లు వీథిలోఁ గలదని చెప్పుటలో, ఊరికిని నగరమునకును గల భేదమును కవి యొక్క పద్యమునఁ దేల్చినాఁడు. ఇది పట్టిక కాదు, నిర్వచనము.

ఇచ్చటఁ జరిత్రకారుల కొక హెచ్చరిక యవసరము. ఓరుగల్లు 1323లో ఢిల్లీ సేనల వశమైనది. వల్లభరాయఁడైనను శ్రీనాథుఁడైనను, తెలుఁగు చేసిన కవి యా పతనమునకుఁ దరువాతివాఁడు. మూలము లేదు గనుక, ఏ వంటకము త్రిపురాంతకునిదో, ఏది తెలుఁగుకవి తన కాలపు వీథినుండి తెచ్చినదో వేఱుచేయఁజాలము. కాఁబట్టి కాకతీయులనాఁడు భోజనము రూక యని యీ పద్యముచే సిద్ధాంతీకరించుట సాహసము. పద్యము వెలకు సాక్ష్యము కాకపోవచ్చును. వెల యిచ్చి తినుట కవికి వింత కాదనుటకు మాత్రము సాక్ష్యమే. మఱియొకటి. గుంటూరుసీమలోఁ బాఠము చెప్పు పండితుఁడు నంజుళ్లనఁగానే మిరపకారపుటూరఁగాయలను దలంచుట సహజము. కాని మిరప యమెరికానుండి పోర్చుగీసువారి వెంట పదునాఱవ శతాబ్దిలో మన దేశమునకు వచ్చినది. ఆ విస్తరిలోని ఘాటు మిరియపుది. మిరపకాయ యను పేరే మిరియమును దలపించుచు నా క్రొత్తదనమును చెప్పుచున్నది.

కావ్యమున లోపము లేదనరాదు. ఈ నగరము చేతిలో రూక లున్న యిద్దఱు పురుషుల కన్నులకుఁ గనఁబడిన నగరము. వీథిలోని స్త్రీలు పెక్కుచోట్లఁ జూపులకు లక్ష్యములే గాని చూచువారు కారు. వండినవారి మాట విననే వినము. పాఠశాలలవారి యాక్షేపము శృంగారముపైఁ గాక యీ చూపుమీఁద నుండిన నది విమర్శ యయ్యెడిది. లోపమును జెప్పి చదివింపవలెను. దాఁచిపెట్టిన లోపమును తెలియదు, గుణమును తెలియదు.

ఇఁక మంగళగిరి ప్రసక్తి. వినుకొండయు, వీరులకథ పుట్టిన పల్నాడును 2022 వఱకు గుంటూరు మండలములోనివే. ఆ మండలపు క్షేత్రములలో మంగళగిరి యొకటి. కృష్ణదేవరాయల మంత్రి సాళువ తిమ్మరుసు 1515లోఁ గొండవీటిని సాధించుటను దెలుపు స్తంభశాసన మిచ్చట నున్నది. వాసిరెడ్డి వేంకటాద్రినాయఁడు 1807–1809 నడుమఁ గట్టించిన పదునొకొండంతస్తుల గోపురమున్నది. ఊరిని గూర్చి మనకు శాసనము చెప్పును, గోపురము చెప్పును, స్థలమాహాత్మ్యము చెప్పును. వీథి చెప్పుకొనుటకు మాత్రము గ్రంథము లేదు.

అయినను ఆ వీథి తనకుఁ దానే యొక కావ్యమును గల్పించుకొన్నది. అది పానకము. కొండ నడుమ వెలసిన నృసింహస్వామి కృతయుగమున అమృతము, త్రేతలో నేయి, ద్వాపరమునఁ బాలు, కలిని బానకము గైకొనునని సంప్రదాయము. ఈ క్రమమును భక్తులు యుగక్షయమని చెప్పుదురు. విమర్శకుని కంటికి మఱియొక యర్థము కనఁబడును: దేవతల యమృతమునుండి మొదలై, వీథిలోని బెల్లము నీరు మిరియములతో నెవ్వరైనఁ గలుపఁగల పానీయము వఱకు నైవేద్యము దిగివచ్చినది. అర్చకుఁడు శంఖముతోఁ బానకమును స్వామి నోటఁ బోయఁగా, సగము గ్రహించి సగము మరలించునని నమ్మకము. ఆ సగము ప్రసాదమై భక్తుల చేతికి వచ్చును. ఓరుగల్లు పూఁటకూళ్ల యింట రూక పరదేశిని నగరములోఁ జేర్చినది. ఇచ్చట నా పని సగము పానకము చేయుచున్నది. మఱియు మిరపకు ముఖ్యమైన యీ సీమలో పానకము నేఁటికిని మిరియమునే పట్టుకొని యున్నది. విస్తరిలో మాఱినది నైవేద్యమున మాఱలేదు.

కొండ దిగిన నేఁతవారి వీథులు. మంగళగిరి చీరకుఁ బేరు దెచ్చినది గుంటమగ్గము. గంజి యను మాట నిఘంటువులలోఁ ద్రాగునదిగాఁ గనఁబడును. నేఁతవారి నోట నది పడుగునకుఁ బట్టించునది కూడ. ఒక్క కుండలోని గంజి కొంత ప్రాణమును, కొంత నూలును నిలుపునని యా మాట చెప్పుచున్నది. ఆంధ్రప్రదేశ సాహిత్య అకాడమీవారి మాండలిక వృత్తి పదకోశములలోఁ జేనేతకు సంబంధించినది 1971లో వెలువడినది. మాటలు కొన్ని నిలిచినవి. కాని కోశము మాటను వీథినుండి విడదీసి యకారాదిగాఁ బేర్చును. ఎవరు, ఎచ్చట, ఏ వేళ, ఎవరితో ననిరో యది చెప్పదు. ఆ పని వీథీరూపకమునకే చెల్లును.

మంగళగిరి 2021లోఁ దాడేపల్లితోఁ గలిసి నగరపాలకసంస్థ యైనది. ఊరు నగరమగుచున్న యీ సంధిలోఁ బాత వీథుల పేరులు, వానిలోని పనివారి మాటలు, వంటల వెలలు త్వరగా మాసిపోవును. ఓరుగల్లు కూలినను దాని వీథి నిలిచినది. ఏలనఁగా నొక కవి రెండు పాత్రలను వీథిలో నడపినాఁడు. మన పాఠశాలల పండితులు క్రీడాభిరామమును గనిగాఁ గాక మాతృకగాఁ జదివింతురేని, శిష్యులను ఫాల్గుణోత్సవములనాఁడు మంగళగిరి వీథులకుఁ దీసికొనిపోయి, ఇరువురిరువురుగాఁ దిరుగుఁడని, తిన్నదానిని వెలతోడను, విన్నదానిని పలికినవారి మాటతోడను వ్రాసికొని రండని చెప్పుదురేని, ఆ వ్రాఁతలు పద్యములు కాకపోయినను గ్రంథమునకు వ్యాఖ్యానములగును. వండినవారి మాట, నేసినవారి మాట యందుఁ జేరినచోఁ బ్రాచీనకవి విడిచిన లోపమును బూరించినట్లగును. కర్తృత్వచర్చ దాని త్రోవను సాగుఁ గాక. కావ్యము నడచిన త్రోవ మాత్రము వీథియే.