సున్నం లేని గోడల వెంట

ఇంగ్లండ్ పల్లెల్లో నడిచివచ్చిన వాళ్లు పచ్చిక గురించీ గొర్రెల గురించీ చెబుతారు. కాట్స్‌వోల్డ్ వే నడిచేవాళ్లు ముందు గోడలను చూడాలని నా మాట. చిప్పింగ్ క్యాంప్డెన్ నుంచి బాత్ నగరం దాకా 102 మైళ్లు సాగే ఈ బాటకు 2007లో నేషనల్ ట్రయిల్ హోదా దక్కింది. దీని అందంలో సగం మనుషుల చేతిపని.

ఆ గోడల్లో సున్నం లేదు, సిమెంటు లేదు. నేల తవ్వి పెద్ద రాళ్లు పరిచి, వాటిమీద రెండు వరసలు ఎదురెదురుగా లేపుతారు. పైకి పోయేకొద్దీ రెండూ ఒకదానివైపు ఒకటి వాలుతాయి. ప్రతి రాయీ పొడుగు వైపు గోడ లోపలికి పోవాలి, చిన్న మొహం మాత్రమే బయటికి కనబడాలి. పొడుగు మొహం బయటికి పెడితే పని తొందరగా సాగుతుంది, కానీ గోడ నిలవదు. కింద రెండు రాళ్లు కలిసే అతుకు మీద పైరాయి నడుము పడాలి. అక్కడక్కడా గోడ మందమంతా దాటే పొడుగు రాయి వేసి రెండు వరసలనూ ఒకటిగా కడతారు. చివర పైన రాళ్లను అంచు మీద నిలబెట్టి బిగిస్తారు.

పనితనం అసలు బయటపడేది నడిమి భాగంలో. రెండు వరసల మధ్య ఖాళీలో చిన్న రాళ్లను ఒక్కొక్కటిగా చేత్తో ఇరికించాలి. అక్కడ మట్టి పోసి సరిపెడితే వానకు కరిగి, మంచుకు ఉబ్బి, గోడకు పొట్ట వస్తుంది. ఎవరికీ కనబడని చోట నిజాయితీగా పనిచేసిన మనిషిని నేను ఈ గోడల్లో చూస్తాను. అలా కట్టిన గోడ నూరేళ్లు దాటి నిలుస్తుంది.

రాయి కూడా చూడదగ్గదే. చేతిలోకి తీసుకుంటే గసగసాలంత గుండ్రటి రేణువులు కనబడతాయి. జురాసిక్ కాలపు వెచ్చని సముద్రంలో పేరుకున్న సున్నపురాయి అది. ఉత్తరాన ఇనుము కలవడంతో తేనెరంగు, దక్షిణానికి పోయేకొద్దీ తెలుపు. ఊళ్లు కట్టిందీ ఈ రాతితోనే. చిప్పింగ్ క్యాంప్డెన్ వీధిలో 1627 నాటి సంతమంటపం కమానుల కింద నిలబడండి, నేల ఎగుడుదిగుడుగా అరిగిపోయి ఉంటుంది.

అయితే ఈ గోడల వెనుక ఒక బాధ ఉంది. వీటిలో చాలావాటిని 18, 19 శతాబ్దాల్లో, పార్లమెంటు చట్టాలతో ఉమ్మడి భూములకు హద్దులు వేసినప్పుడు కట్టారు. పశువులు మేపుకునే హక్కు పోయి ఎందరో పేదలు కూలీలుగా మిగిలారు. మంచి చేతిపనే, కానీ అది చేసిన పని మంచిది కాదు. అందుకే బాట క్లీవ్ కామన్ ఎక్కగానే నాకు ఊపిరి ఆడినట్టుంటుంది. దాదాపు 1000 ఎకరాల ఉమ్మడి గడ్డిమైదానం, 330 మీటర్ల ఎత్తు. కాట్స్‌వోల్డ్ కొండల్లో అదే శిఖరం. హక్కుదారుల గొర్రెలు ఇప్పటికీ అక్కడ మేస్తున్నాయి.

ఆ కామన్ దాటి వించ్‌కోంబ్ వైపు పోతే బెలాస్ న్యాప్ ఉంది. 5000 ఏళ్లకు పైబడిన సమాధి దిబ్బ. గత శతాబ్దంలో కొంత బాగుచేశారు. దాని ముందు పలచటి రాళ్లను సున్నం లేకుండా పేర్చిన తీరు పొలం గట్టు మీది గోడను గుర్తుచేస్తుంది. రాయి అదే, కిటుకూ అదే.

బాటను చూసుకునేది 1968లో ఏర్పడిన వాలంటరీ వార్డెన్ల బృందం. కూలిన గోడలు కొన్నింటిని వాళ్లు మళ్లీ లేపుతారు కూడా. బ్రిటన్‌లో ఉన్న తెలుగువాళ్లు ఒక సెలవురోజు చిప్పింగ్ క్యాంప్డెన్ నుంచి బ్రాడ్‌వే దాకా ఆరు మైళ్లు నడిచి చూడండి. గోడ మాత్రం ఎక్కకండి. దాటే మెట్లు ఉన్నచోటే దాటండి, గేటు తీస్తే మూసి వెళ్లండి.