పత్రికలో దిద్దుకున్న చెయ్యి

1967లో ‘సాక్షి’ విడుదలైంది. దర్శకుడు లా చదివి, ప్లీడరీ జోలికి పోకుండా పత్రికలకు బొమ్మలూ కార్టూన్లూ వేస్తూ, అడ్వర్టైజింగ్ కంపెనీల్లో పనిచేస్తూ వచ్చిన మనిషి. కథ, మాటలు రాసినాయన ఆంధ్రపత్రికలో సబ్ ఎడిటర్‌గా పనిచేసి వచ్చినవారు. స్టూడియో సెట్లు లేవు. గోదావరి సీమలోని పులిదిండి ఊరు, రంగు పూయని మొహాలు, అప్పటికి ఇంకా కొత్తవాడే అయిన కృష్ణ. బాపు, ముళ్ళపూడి వెంకటరమణ కలిసి తీసిన ఆ మొదటి సినిమాను సాహసం అనడం అలవాటైపోయింది. సాహసం ఉన్నమాట నిజమే. కానీ ఆ సాహసం వెనక పదేళ్లకు పైబడిన చాకిరీ ఉంది. వారం వారం పత్రిక అచ్చుకు వెళ్లేలోపు అప్పగించిన బొమ్మలున్నాయి, కొట్టేసి తిరగరాసిన వాక్యాలున్నాయి. వాళ్లు సినిమాకు ఉత్తచేతులతో రాలేదు.

రాతా, సినిమా, పొట్టకోసం చేసే మరో పనీ అన్నీ కలిపి ఒకే బతుకుగా అల్లుకోవడం ఈనాటి కుర్రకారు కొత్తగా పడుతున్న పాట్లేం కాదు. మద్రాసులో బతికిన తెలుగు రచయితలు, చిత్రకారులు ఒక తరం పాటు దీన్ని విద్యగానే నడిపారు. ఆ విద్యలో పనితనం ఎక్కడుందో విప్పి చూడాలని నా కోరిక.

ముందు ఆ ఊరి సంగతి చెప్పాలి. తెలుగు సినిమా హైదరాబాదుకు తరలిరాక ముందు స్టూడియోలు, ఆంధ్రపత్రిక లాంటి పత్రికాఫీసులు, ప్రచురణకర్తలు, ఆకాశవాణి కేంద్రం అన్నీ ఒక్క మద్రాసులోనే ఉండేవి. పొద్దున ప్రూఫులు దిద్దిన మనిషి సాయంత్రం సినిమా కంపెనీలో కథాచర్చకు కూర్చోవచ్చు. పత్రిక ఇచ్చేది కొంచెమే, కానీ క్రమం తప్పదు. సినిమా ఇస్తే గట్టిగానే ఇస్తుంది, ఎప్పుడిస్తుందో దానికే తెలియదు. ఒకటి బియ్యం ఖర్చుకు, ఇంకొకటి అప్పు తీర్చడానికి. కాబట్టి వాళ్ల బహుముఖత్వం పుట్టింది ప్రతిభ పొంగిపొర్లడం వల్ల మాత్రమే కాదు, అవసరం వల్ల కూడా. అవసరానికి ఒప్పుకున్న పనిని కూడా చిన్నచూపు చూడకపోవడంలోనే వాళ్ల గొప్పతనమంతా ఉంది.

చక్రపాణి గారిని చూడండి. క్షయ జబ్బుకు వైద్యం కోసం మదనపల్లె శానిటోరియంలో ఉన్నప్పుడు బెంగాలీ నేర్చుకుని, శరత్ నవలల్ని తెలుగులోకి తెచ్చారు. సినిమాకు మాటలు రాశారు. 1947 జూలైలో నాగిరెడ్డి గారితో కలిసి ‘చందమామ’ మొదలుపెట్టారు. ఆ తర్వాత విజయా వారి ‘పాతాళ భైరవి’, ‘మాయాబజార్’, ‘గుండమ్మ కథ’. ‘చందమామ’ వాక్యాన్ని, విజయా వారి సినిమాను పక్కపక్కన పెట్టి చూస్తే రెండింటిదీ ఒకే రుచి అని తెలుస్తుంది. పొట్టి మాట, తికమక లేని కథ, పిల్లలకు అర్థమవుతూ పెద్దలకు బోరు కొట్టని నడక. అనువాదంలో మొదలైన ఆ అలవాటును ఆయన పత్రికలోకి, అక్కణ్ణించి తెరమీదికి మోసుకెళ్లారు. పనులు మూడు, అభిరుచి మాత్రం ఒక్కటే.

బాపు గారి గీత దగ్గర కాసేపు ఆగుదాం. అప్పటి వారపత్రికలు చవక కాగితం మీద, లెటర్ ప్రెస్‌లో అచ్చయ్యేవి. ఛాయలున్న బొమ్మకు హాఫ్‌టోన్ బ్లాకు చేయించాలి. అది ఖరీదు, పైగా న్యూస్‌ప్రింట్ మీద ఇంకు పీల్చుకుని నల్లగా ముద్దకడుతుంది. గీతతో వేసిన బొమ్మకైతే జింకు లైన్ బ్లాకు చాలు, అచ్చూ శుభ్రంగా పడుతుంది. అంటే చిత్రకారుడి చేతిలో ఉన్నది నలుపు, కాగితం తెలుపు, అంతే. బుగ్గ నునుపు చూపించాలన్నా, చీర బరువు తెలియాలన్నా, అలిగిన పిల్ల మెడ తిప్పిన తీరు పట్టుకోవాలన్నా అంతా ఒక్క గీతే చేయాలి. అక్కర్లేని గీత పడితే అది దాక్కోవడానికి నీడైనా ఉండదు. ఏళ్ల తరబడి ఆ ఇరుకులో పనిచేసిన కంటికి ఏది వదిలేయాలో తెలిసిపోతుంది.

కార్టూన్‌లో ఇంకో శిక్షణ ఉంది. ఉన్నది ఒక్క గడి. ఎవరు, ఎక్కడ, ఇప్పుడే ఏం జరిగింది, ఇంకాసేపట్లో ఏం జరగబోతోంది అన్నీ ఆ గడిలోనే ఇమడాలి. ముందు ఎవరిని నిలబెట్టాలి, వెనక ద్వారబంధంలోంచి ఎవరు తొంగిచూడాలి అన్నది తేల్చకుండా పెన్సిల్ కదలదు. బాపు గారు సినిమాలకు షాటు షాటుకూ ముందే బొమ్మ వేసుకునేవారు. కెమెరా ఎక్కడుండాలో, మనిషి ఫ్రేములో ఏ మూల నిలబడాలో కాగితం మీదే తేలిపోయేది. సెట్టు మీదికి వెళ్లాక తడుముకోవడం తగ్గుతుంది, ఫిల్ము మిగులుతుంది, డబ్బులు మిగులుతాయి. ‘ముత్యాలముగ్గు’ (1975)లో ఆ గీతకు ఇషాన్ ఆర్య కెమెరా తోడైంది. ఆయనకు ఆ సినిమాకే ఛాయాగ్రహణంలో జాతీయ అవార్డు వచ్చింది. అందులో వాకిలి, ముగ్గు, వెలుతురు కూడా పాత్రల్లాగే మసలుతాయి. దాన్నెవరైనా చిత్రకారుడి సరదా అంటే నేను ఒప్పుకోను. కథను బొమ్మలో ఆలోచించే మనిషి కథ చెప్పే పద్ధతే అది.

రమణ గారికి ఇదే మేలు మాట వైపునుంచి జరిగింది. సబ్ ఎడిటర్ పని అంటే తెలిసిందేగా! ఇంగ్లీషులో వచ్చిన వార్తను పాఠకుడి తెలుగులోకి మార్చాలి, హెడింగు నాలుగు మాటల్లో తేల్చాలి. దానికి తోడు ఆయన సినిమా సమీక్షలు రాశారు. ఎక్కడ సీను సాగిందో, ఎక్కడ డైలాగు అతికినట్టు లేదో ప్రేక్షకుడి కుర్చీలో కూర్చుని లెక్కగట్టారు. ‘బుడుగు’లో పిల్లవాడి నోటితోనే ప్రపంచాన్ని మాట్లాడించారు. పుస్తకాల భాషను పక్కన పెట్టి, నోట్లో మాట ఎలా విరుగుతుందో అలాగే కాగితం మీద పెట్టడం అక్కడ చేయి తిరిగిన విద్య. అదే చెవి ‘ముత్యాలముగ్గు’లో రావు గోపాలరావు కాంట్రాక్టరు పాత్రకు పనికొచ్చింది. ఆ మాటల రికార్డులు పాటల రికార్డుల్లాగే ఊరూరా మోగాయి. పిల్లవాడి అల్లరి రాసిన కలానికే దుర్మార్గుడి తీపి మాటలు కూడా పట్టుబడడం చూస్తే నాకు ఇప్పటికీ ఆనందమే.

వాళ్లిద్దరి స్నేహం కూడా పనితనంలో భాగమేనని నేననుకుంటాను. బడి రోజుల్లోనే, రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారి ‘బాల’ పత్రికలో ఒకరి రాత, ఒకరి గీత కనిపించాయి. చివరి సినిమా ‘శ్రీరామరాజ్యం’ 2011 నవంబరులో విడుదలైంది. అప్పటికి కొన్ని నెలల ముందే, ఫిబ్రవరిలో, రమణ గారు వెళ్లిపోయారు. ఇన్ని రంగాల్లో తిరిగే మనిషికి తన పనిని మొహమాటం లేకుండా చూసేవాడు ఒక్కడుంటే చాలు, దారి తప్పడు. గీతకు రాత, రాతకు గీత కాపలా కాశాయి.

డబ్బింగ్ సంగతి చెప్పకపోతే ఈ విద్య సగమే చెప్పినట్టు. ‘ఆహుతి’ (1950)తో హిందీ సినిమాకు తెలుగు మాటలూ పాటలూ తొడిగింది శ్రీశ్రీ. ‘మహాప్రస్థానం’ కవి డబ్బింగ్ రాయడమేమిటని పెదవి విరిచేవాళ్లు ఆ పని ఎంత కష్టమో చూడాలి. తెరమీద నటుడి పెదాలు మూసుకున్న చోట మన మాటలోనూ ప, బ, మ లాంటి అక్షరమే పడాలి. నోరు తెరిచి సాగదీసిన చోట దీర్ఘం కావాలి. అర్థం చెడకూడదు, వాక్యం తెలుగులా ఉండాలి, పైగా నటుడు నోరు మూసేలోపు ముగియాలి. పెదవులు తగలకుండా చదవగలిగే నిరోష్ఠ్య కావ్యాలు రాసిన భాష మనది. డబ్బింగ్ రచయిత చేసేది అంత కఠినమైన కసరత్తే. కాకపోతే దానికి బిరుదులు లేవు. ఆరుద్ర కూడా ఆ పని చేశారు, సినిమా పాటలు వందల్లో రాశారు, ఆ పాటల మధ్యనే ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ సంపుటాలు తయారుచేశారు. ఒక విశ్వవిద్యాలయ శాఖ మొత్తం కూర్చుని చేయాల్సిన పని అది. ట్యూనుకు పదం అమర్చే వేళ్లే తాళపత్రాల కాలం నాటి కవుల చరిత్రను తిరగేశాయి. తక్షణం డబ్బిచ్చే చిన్న పనులు ఇల్లు నడుపుతుంటే, ఏళ్లు పట్టే పెద్ద పని తొందర లేకుండా ఎదుగుతుంది. ఈ అమరిక ఆరుద్ర గారి దగ్గర కనిపించినంత స్పష్టంగా నాకు ఇంకెక్కడా కనిపించలేదు.

భానుమతి గారు నటి, గాయని, నిర్మాత. 1953లో ‘చండీరాణి’ని మూడు భాషల్లో డైరెక్ట్ చేశారు. తెరమీద ఆమెది ఎవరికీ తలవంచని దర్జా. ‘అత్తగారి కథలు’ తెరవండి, అక్కడ మడీ ఆచారాల మధ్య తిరిగే అత్తగారిని ఓపికగా, ప్రేమగా గమనిస్తున్న కోడలు కనిపిస్తుంది. సినిమా ఆమెకు ఇవ్వలేని పాత్రను ఆమే కాగితం మీద రాసుకున్నారు. రెండో పని ఉండడంలో ఉన్న మేలు అదే. ఒకచోట చోటు దొరకని మనసు ఇంకోచోట కాళ్లు చాపుకుంటుంది.

నష్టం లేదని నేను అనను. సినిమాలు ముసురుకున్నాక రమణ గారి కథలు పల్చబడ్డాయి. యాభైల్లో, అరవైల్లో వచ్చినంత ధారగా మళ్లీ రాలేదు. తెలుగు కథకు అది లోటే. బతుకు చివరి భాగంలో ‘కోతి కొమ్మచ్చి’ పేరుతో ‘స్వాతి’ వారపత్రికలో తన కథ తాను చెప్పుకోవడం మొదలుపెట్టినప్పుడు, ఆ వాక్యం ఇంకా అంత పదునుగా ఉండడం చూసి సంతోషం వేసింది, మధ్యలో ఎన్ని కథలు రాకుండా పోయాయో అని దిగులూ వేసింది. సినిమా మనిషి సమయాన్నంతా అడుగుతుంది. కొడవటిగంటి కుటుంబరావు గారు 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా ‘చందమామ’ పని చూస్తూనే తన కథలు, నవలలు, వ్యాసాలు ఆపలేదు. పక్కపనిగా ఏది పెట్టుకోవాలి అని అడిగేవాళ్లకు నేను ఆయన్నే చూపిస్తాను. చేయికి అభ్యాసమిచ్చి, మిగతా మనసును మనకే వదిలేసే పనిని ఎంచుకోవాలి. పగలు ఆఫీసుకెళ్లి రాత్రి షార్ట్ ఫిల్ము ఎడిట్ చేసుకునే ఈనాటి పిల్లలకు సబ్‌టైటిల్స్ రాయడం, యాడ్‌కు నాలుగు లైన్లు కట్టడం, ఓటీటీ కోసం డబ్బింగ్ స్క్రిప్టు చేయడం అలాంటి పనులే. ఇష్టంగా చేస్తే అవి రేపటి డైలాగుకు కసరత్తు. విసుక్కుంటూ చేస్తే ఆ విసుగు సొంత రాతలోకీ దిగుతుంది.

దర్శకుడైన వంశీ తన నవల ‘మహల్లో కోకిల’ను ‘సితార’గా తీశారు. ఆ తర్వాత మళ్లీ కథల బల్ల దగ్గరికొచ్చి ‘మా పసలపూడి కథలు’ రాస్తే, వాటికి బొమ్మలు వేసింది బాపు గారే. అప్పటికి ఆయన హిందీలో కూడా సినిమాలు తీసి వచ్చిన దర్శకుడు, అయినా వారపత్రికలో ఇంకొకరి కథకు బొమ్మ వేయడం ఆయనకు తక్కువ పని కాలేదు. శ్రీరమణ గారి ‘మిథునం’ నచ్చినప్పుడైతే, ఆ కథ మొత్తాన్ని తన చేతిరాతతో రాసిచ్చారు. పత్రికలో కథల పేర్లు రాసి రాసి ఆ దస్తూరీ అప్పటికే తెలుగువాళ్ల పెళ్లి శుభలేఖల మీదికి ఎక్కి ఉంది.

ఆ కథ 2000లో మలయాళంలో ‘ఒరు చెరు పుంచిరి’ అయింది. తీసింది ఎం.టి. వాసుదేవన్ నాయర్. ఆయనా నవలాకారుడే, పత్రికా సంపాదకుడే, స్క్రీన్‌ప్లే రచయితే. 2012లో తెలుగులో తనికెళ్ల భరణి తీశారు. నాటకాలతో మొదలై, సినిమాలకు మాటలు రాసి, ‘శివ’లో నానాజీగా కనిపించి, శివుడి మీద కవిత్వం రాసుకున్న మనిషి. ఆయన ‘మిథునం’లో తెరమీద కనిపించేది బాలసుబ్రహ్మణ్యం, లక్ష్మి, ఇద్దరే. పెరడు, వంట, భార్యాభర్తల గిల్లికజ్జాలతో సినిమా అంతా నడిచిపోతుందని నమ్మే ధైర్యం ఆయనకు సినిమా లెక్కల్లోంచి వచ్చి ఉండదు. ఇద్దరు మనుషులు, వాళ్ల మధ్య మాట ఉంటే నాటకం నిలబడుతుందని ఆయన రంగస్థలం మీద ఎప్పుడో చూసి ఉంటారు.