జావా ఓపెన్ సోర్స్ గేమ్ ఇంజిన్లు: తెలుగు లిపి దృష్టితో తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

జావా భాషలో ఆటలు నిర్మించడానికి వాడే ఓపెన్ సోర్స్ ఇంజిన్లను పోల్చేటప్పుడు సాధారణంగా వేగం, అవి పనిచేసే వేదికలు, వాడుకరుల సంఖ్య అనే ప్రమాణాలను తీసుకుంటారు. గుణింతం, ఛందస్సు, పదసంపద వంటి అంశాలను ఆటల ద్వారా బోధించదలచినవారికి ఈ ప్రమాణాలు చాలవు. తెలుగు అక్షరాన్ని ఇంజిన్ సరిగా చూపగలదా అన్నది వారికి మొదటి ప్రశ్న. లిబ్‌జీడీఎక్స్, జేమంకీ ఇంజిన్, ఎఫ్ఎక్స్‌జీఎల్, లిటిఇంజిన్ అనే నాలుగింటిని ఈ ప్రశ్న ఆధారంగా పోల్చి, ప్రచారంలో ఉన్న శ్రేణీకరణ తెలుగు విషయంలో తారుమారవుతుందని చూపడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: జావా, గేమ్ ఇంజిన్, ఓపెన్ సోర్స్, తెలుగు లిపి, యూనికోడ్, వత్తులు, ఛందస్సు, భాషాబోధన.

1. ఉపోద్ఘాతం:

సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ 1995లో విడుదల చేసిన జావా భాష నేడు ఇంజనీరింగ్ కళాశాలల్లోనూ, డిగ్రీ కళాశాలల్లోనూ విద్యార్థులకు పరిచితమైనది. ఆటల నిర్మాణంలో సీ ప్లస్ ప్లస్‌కు ఉన్నంత ప్రాబల్యం దీనికి లేకపోయినా, 2011లో పూర్తిస్థాయిలో విడుదలైన మైన్‌క్రాఫ్ట్ జావాలోనే రూపొందింది. కాబట్టి తెలుగు శాఖ, కంప్యూటర్ శాఖ కలిసి ఒక బోధనాక్రీడను తయారుచేయాలనుకుంటే జావాను ఎంచుకోవడం సహజం. ఆ తరువాత ఎదురయ్యే ప్రశ్న ఇంజిన్ ఎంపిక.

ఇంజిన్ అంటే ఆటకు కావలసిన సామాన్య వ్యవస్థల సముదాయం. తెరపై బొమ్మలను గీయడం, శబ్దం వినిపించడం, వస్తువుల తాకిడిని గుర్తించడం, మీటల నొక్కుడును గ్రహించడం వంటి పనులు అందులో ముందే సిద్ధంగా ఉంటాయి. ఈ పనుల్లో అక్షరాలను చూపడం కూడా ఒకటి. అయితే తులనాత్మక చర్చల్లో దీనికి దక్కే చోటు చాలా తక్కువ. రోమన్ లిపిలో ఒక సంకేతానికి ఒక బొమ్మ చాలు గనుక అక్కడ ఇది సమస్యగా కనిపించదు. తెలుగు దగ్గరకు వచ్చేసరికి ఇదే నిర్ణాయకమవుతుంది.

2. తులనకు తీసుకున్న ఇంజిన్లు:

నాలుగు ఇంజిన్ల లైసెన్సులూ ఉదారమైనవే. లిబ్‌జీడీఎక్స్‌కు అపాచీ 2.0, జేమంకీ ఇంజిన్‌కు మూడు నిబంధనల బీఎస్‌డీ, ఎఫ్ఎక్స్‌జీఎల్‌కు, లిటిఇంజిన్‌కు ఎంఐటీ లైసెన్సులు వర్తిస్తాయి. ఒక కళాశాల వీటిని ఉచితంగా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, మార్చినదాన్ని పంచవచ్చు. కనుక లైసెన్సు దృష్ట్యా వీటి మధ్య ఎంపిక అవసరం లేదు.

ఎల్‌డబ్ల్యూజేజీఎల్ అనే పేరు ఈ చర్చల్లో తరచు వినిపిస్తుంది. ఇది ఇంజిన్ కాదు. ఓపెన్‌జీఎల్, వల్కన్, ఓపెన్‌ఏఎల్ వంటి వ్యవస్థలను జావా నుంచి పిలవడానికి తోడ్పడే లైబ్రరీ. మైన్‌క్రాఫ్ట్ దీనిపై ఆధారపడింది. లిబ్‌జీడీఎక్స్, జేమంకీ ఇంజిన్‌లు కూడా డెస్క్‌టాప్ కంప్యూటర్లలో దీనిపైనే నిలుస్తాయి. అందువల్ల దీన్ని ఐదవ ఇంజిన్‌గా లెక్కించకుండా పునాదిగా మాత్రమే ఇక్కడ పరిగణించడమైంది.

3. లిపి సమస్య స్వరూపం:

యూనికోడ్‌లో తెలుగుకు 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు 128 స్థానాలు కేటాయించారు. అందులో అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న, విసర్గ వంటివి ఉన్నాయి. వత్తులకు వేరే స్థానాలు లేవు. 'క్క' అన్నది క, పొల్లు, క అనే మూడు సంకేతాల వరుస. రెండవ కకారాన్ని వత్తుగా మార్చి మొదటిదాని కింద చేర్చాలన్న సూచన ఫాంటులోని 'జీసబ్' అనే పట్టికలో ఉంటుంది. గుడి చేరినప్పుడు తలకట్టు పోవడం వంటి మార్పులకు కూడా ఇదే ఆధారం. ఈ పట్టికను చదివి, తగిన అక్షరరూపాలను ఎంచి, వాటి స్థానాలను నిర్ణయించే ప్రక్రియను షేపింగ్ అంటారు. ఆండ్రాయిడ్, ఫైర్‌ఫాక్స్, క్రోమ్‌లలో ఈ పని చేసేది హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ.

షేపింగ్ లేని చోట 'స్త్రీ' అనే ఒక్క అక్షరం స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అనే ఆరు ముక్కలుగా వరుసలో పడుతుంది. ఇక్కడ లోపం ఫాంటుది కాదు. పోతన, లోహిత్, నోటో వంటి ఫాంట్లలో నియమాలన్నీ ఉన్నాయి. వాటిని చదివే ప్రయత్నం ఇంజిన్ చేయకపోవడమే లోపం. ఈ భేదాన్ని గుర్తించనివారు ఫాంట్లను ఒకదాని తరువాత ఒకటి మార్చి చూసి, చివరకు తెలుగే కంప్యూటరుకు సరిపడదన్న తప్పు నిర్ణయానికి వచ్చే ప్రమాదం ఉంది.

4. ఇంజిన్లవారీ పరిశీలన:

4.1. లిబ్‌జీడీఎక్స్: మారియో జెక్నర్ ప్రారంభించిన ఈ ఇంజిన్ 1.0 రూపం 2014లో వెలువడింది. ఒకే ప్రోగ్రామును డెస్క్‌టాప్, ఆండ్రాయిడ్, ఐఓఎస్, వెబ్ బ్రౌజర్లలో నడపగలగడం దీని ప్రధాన బలం. 'స్లే ది స్పైర్' వంటి ప్రసిద్ధ వాణిజ్య క్రీడలు దీనిపై రూపొందాయి. వేగం, వేదికల సంఖ్య, అనుభవజ్ఞుల సముదాయం అనే మూడు ప్రమాణాలలోనూ దీనికి అగ్రస్థానం ఇవ్వడం న్యాయమే.

అక్షరాల విషయంలో మాత్రం ఇది బిట్‌మ్యాప్ ఫాంటు పద్ధతిని అనుసరిస్తుంది. ప్రతి సంకేతానికీ ఒక చిన్న బొమ్మను ముందే తయారుచేసి, ఒక పెద్ద చిత్రంలో పేర్చి, అవసరమైనప్పుడు అందులోంచి కత్తిరించి చూపుతుంది. ఫ్రీటైప్ అనుబంధం ద్వారా సాధారణ ఫాంటు ఫైలు నుంచి ఈ బొమ్మలను తయారుచేయవచ్చు గాని, అది కూడా సంకేతానికొక బొమ్మనే ఇస్తుంది. 'గ్లిఫ్ లేఅవుట్' అనే తరగతి ఇందులో ఉన్నా, దాని పని పంక్తులను విరచడం, వరుసలో అమర్చడం వరకే. వత్తును ఎంచే పని దానికి తెలియదు.

అరబిక్ లిపికి ఇదే ఇబ్బంది వచ్చినప్పుడు ఒక దారి ఉంది. అరబిక్ అక్షరాల ఆది, మధ్య, అంత్య రూపాలకు యూనికోడ్‌లో ప్రత్యేక స్థానాలు ఉన్నాయి. పాఠాన్ని ముందుగా ఆ రూపాల్లోకి మార్చి ఇంజిన్‌కు అందించవచ్చు. తెలుగు వత్తులకు అలాంటి స్థానాలు లేవు గనుక ఆ దారి మనకు లేదు.

4.2. జేమంకీ ఇంజిన్: 2003 నుంచి వికాసం పొందుతూ వచ్చిన ఈ ఇంజిన్ త్రిమితీయ దృశ్యాలకు ఉద్దేశించినది. దృశ్యంలోని వస్తువులను శాఖోపశాఖలుగా అమర్చే సీన్ గ్రాఫ్, వెలుగునీడల వ్యవస్థ, భౌతిక చలనాల అనుకరణ ఇందులో ఉన్నాయి. ఒక దేవాలయ ప్రాంగణాన్ని త్రిమితీయంగా నిర్మించి విద్యార్థిని అందులో నడిపించాలంటే ఈ నాలుగింటిలో ఇదే తగినది. అక్షరాలకు ఇది కూడా బిట్‌మ్యాప్ ఫాంటునే వాడుతుంది. కుడి నుంచి ఎడమకు రాసే లిపుల కోసం ఒక వెసులుబాటు ఉంది గాని, తెలుగుకు కావలసినది దిశ మార్పు కాదు, రూపం మార్పు. జావా చిత్రాలను ఇంజిన్ చిత్రాలుగా మార్చే సాధనం డెస్క్‌టాప్‌పై లభిస్తుంది. శాసనఫలకం వంటి స్థిరమైన పాఠాన్ని చిత్రంగా అతికించడానికి అది చాలు.

4.3. ఎఫ్ఎక్స్‌జీఎల్: బ్రైటన్ విశ్వవిద్యాలయ అధ్యాపకుడు అల్మాస్ బైమగాంబెటోవ్ రూపొందించిన ఈ ఇంజిన్ జావాఎఫ్ఎక్స్‌పై ఆధారపడింది. అక్షరాల పనిని జావాఎఫ్ఎక్స్ ఆయా ఆపరేటింగ్ సిస్టంలోని వ్యవస్థకు అప్పగిస్తుంది. విండోస్‌లో డైరెక్ట్‌రైట్, మ్యాక్‌లో కోర్‌టెక్స్ట్, లినక్స్‌లో పాంగో ఆ బాధ్యత వహిస్తాయి. ఈ మూడూ తెలుగు వత్తులను, గుణింతాలను సరిగా చూపుతాయి. ఆట రాసేవారు ప్రత్యేకంగా చేయవలసింది ఏమీ లేదు. వేల సంఖ్యలో బొమ్మలు ఒకేసారి కదిలే ఆటలో ఇది లిబ్‌జీడీఎక్స్‌తో పోటీపడలేదు. పైగా 2018లో వెలువడిన జావా 11 నుంచి జావాఎఫ్ఎక్స్‌ను విడిగా చేర్చుకోవాలి. మొబైల్‌కు తీసుకువెళ్లడం సాధ్యమే గాని శ్రమతో కూడినది.

4.4. లిటిఇంజిన్: ద్విమితీయ ఆటలకు మాత్రమే పరిమితమైన ఈ ఇంజిన్ జావాలోనే ఉన్న జావా2డీ వ్యవస్థపై నిలుస్తుంది. ఆటస్థలపు పటాలను కూర్చడానికి సొంత ఎడిటరు కూడా ఉంది. జావా 9 నుంచి జావా2డీ అక్షరవిన్యాసానికి హార్ఫ్‌బజ్ ఆధారమైంది. అందువల్ల తెలుగు పాఠం నేరుగా, శుద్ధంగా కనిపిస్తుంది. జావా2డీ ఆండ్రాయిడ్‌లో లేదు గనుక ఇది డెస్క్‌టాప్‌ను దాటిపోలేదు. తెలుగు విద్యార్థి చేతిలో కంప్యూటరు కన్నా ఫోను ఉండే అవకాశమే ఎక్కువ కాబట్టి ఈ పరిమితిని తేలికగా తీసుకోరాదు.

5. ప్రత్యామ్నాయాలు - వాటి పరిమితులు:

వేగవంతమైన ఇంజిన్లలోనే తెలుగును చూపడానికి మూడు మార్గాలు ఆలోచించవచ్చు.

మొదటిది ప్రతి అక్షరానికీ ముందే బొమ్మ తయారుచేయడం. హల్లులు 35, గుణింతరూపాలు 13 అనుకుంటే 455 బొమ్మలు కావాలి. ఒక్క వత్తు చేరినవాటిని కూడా లెక్కిస్తే 35 × 35 × 13, అంటే 15,925. బొమ్మకు 64 పిక్సెళ్ల గడి ఇస్తే 1024 పిక్సెళ్ల చదరంలో 256 మాత్రమే పడతాయి. ఈ వత్తు చేరిన బొమ్మలకే 63 చదరాలు అవసరం. వీటిలో అత్యధికం భాషలో ప్రయోగంలో లేనివే అన్న మాట నిజం. ఆటలోని పదాలు ముందే నిర్ణయమైతే వాటిలో వచ్చే అక్షరాలను మాత్రమే తీసుకోవచ్చు. కాని విద్యార్థి తనకు తోచిన పదం రాసే ఆటలో ఈ పద్ధతి ఎక్కడో ఒకచోట విఫలమవుతుంది.

రెండవది తలకట్టులేని రూపాలకు, వత్తులకు విడివిడిగా సొంత సంకేతాలు కేటాయించుకోవడం. తెరపై ఫలితం బాగానే ఉంటుంది. అయితే ఇది అను ఫాంట్ల కాలానికి తిరిగి వెళ్లడమే. ఆ ఫాంట్లలో ముద్రించిన పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చుకోవడంలోని శ్రమ తెలుగు పరిశోధకులందరికీ అనుభవమే. ఆట కోసం కూర్చిన పదకోశం వెతకడానికీ, మరోచోట వాడుకోవడానికీ పనికిరాకుండా పోతే, ఆ శ్రమలో సగం వృథా అయినట్లే.

మూడవది షేపింగ్ చేయగల మరొక వ్యవస్థతో పాఠాన్ని చిత్రంగా మార్పించి ఇంజిన్‌కు అందించడం. డెస్క్‌టాప్‌పై జావా2డీ, ఆండ్రాయిడ్‌పై దాని సొంత క్యాన్వాస్, వెబ్‌లో బ్రౌజరు ఈ పని చేయగలవు. ఎల్‌డబ్ల్యూజేజీఎల్ 3 ఇటీవలి రూపాలలో హార్ఫ్‌బజ్‌ను నేరుగా పిలిచే వీలు కూడా ఉంది. శాస్త్రీయంగా ఇదే సరైన మార్గం. కాని వేదికకొక విధంగా కోడు రాయవలసి వస్తుంది. ఒకే కోడు అన్నిచోట్లా నడుస్తుందన్న కారణంతో లిబ్‌జీడీఎక్స్‌ను ఎంచుకున్నవారికి ఆ కారణమే ఇక్కడ బలహీనపడుతుంది.

ఈ లోటు ఆటల ఇంజిన్లకు అనివార్యమేమీ కాదు. సీ ప్లస్ ప్లస్‌లో రాసిన గోడో ఇంజిన్ 2023లో విడుదలైన నాలుగవ రూపంలో హార్ఫ్‌బజ్‌ను తనలో చేర్చుకుంది. అదే మార్పు జావా ఇంజిన్లలోనూ సాధ్యమే.

6. అక్షరగణన:

ఇప్పటివరకు చర్చించినది చూపు సమస్య. లెక్క సమస్య దీనికి భిన్నం, నాలుగు ఇంజిన్లకూ సమానం. 'శ్రీకృష్ణుడు' అన్న పదం పొడవు ఎంత అని జావాను అడిగితే 12 అంటుంది. తెలుగు పాఠకుడు శ్రీ, కృ, ష్ణు, డు అని నాలుగే లెక్కిస్తాడు. ఛందస్సు కూడా వాటిని గురువు, గురువు, లఘువు, లఘువు అని నాలుగుగానే గుర్తిస్తుంది. జావా లెక్క మీద గణవిభజన క్రీడను నిర్మిస్తే తెరపై అక్షరాలు ఎంత అందంగా ఉన్నా ఆట తప్పే బోధిస్తుంది.

యూనికోడ్ ప్రమాణం సైతం చాలాకాలం పొల్లు దగ్గర విభజనను అనుమతించింది. ఆ లెక్కన 'స్త్రీ' మూడు ముక్కలు. సంయుక్తాక్షరాన్ని విడదీయరాదన్న నియమం తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులకు 2023లో వెలువడిన 15.1 రూపంలో చేరింది. పాత జావా రూపాలపై ఆధారపడేవారు ఈ నియమాన్ని తామే రాసుకోవాలి. ఒక హల్లు, దాని వెంట పొల్లు-హల్లు జంటలు ఎన్నైనా, ఆపై గుణింతపు గుర్తు, చివర సున్న లేదా విసర్గ అన్న సూత్రంతో చాలా భాగం పూర్తవుతుంది. 'సాఫ్ట్‌వేర్' వంటి మాటల్లో పొల్లు తరువాత వచ్చే అదృశ్య విభాజకాన్ని, పదాంతపు పొల్లు హల్లు ఛందస్సులో ముందరి అక్షరంతో కలవడాన్ని విడిగా గమనించాలి. ఈ చివరి అంశాలను నిర్ణయించగలవారు ప్రోగ్రామర్లు కారు, వ్యాకరణ ఛందస్సులు తెలిసినవారు.

7. ముగింపు:

1. వేగం, వేదికల ఆధారంగా ముందుండే లిబ్‌జీడీఎక్స్, జేమంకీ ఇంజిన్‌లు తెలుగు లిపిని చూపడంలో వెనుకబడ్డాయి. సామాన్యమైనవిగా పరిగణించే ఎఫ్ఎక్స్‌జీఎల్, లిటిఇంజిన్‌లు ఈ విషయంలో ముందున్నాయి.

2. ఈ రెండింటి విజయం వాటి ప్రత్యేక కృషి వల్ల వచ్చినది కాదు. అక్షరాల పనిని తామే చేపట్టక, తమకు ఆధారమైన వ్యవస్థకు వదిలివేయడం వల్ల లభించినది.

3. తరగతిగదిలో, కంప్యూటరు ప్రయోగశాలలో వాడే పద్య, పదక్రీడలకు ఎఫ్ఎక్స్‌జీఎల్ తగినది. త్రిమితీయ దృశ్యాలు ప్రధానమై, పాఠం స్వల్పంగా ఉన్నచోట జేమంకీ ఇంజిన్ తగినది. ఫోనే లక్ష్యమైతే లిబ్‌జీడీఎక్స్‌ను ఎంచుకుని మూడవ మార్గానికి అయ్యే శ్రమను ముందే అంచనా వేసుకోవాలి.

4. సొంత సంకేతాల పద్ధతిని తాత్కాలిక సౌకర్యం కోసమైనా అనుసరించరాదు.

5. అక్షరవిభజన, లఘుగురు నిర్ణయాలను ఏ ఇంజిన్‌కూ కట్టుబడని చిన్న ఓపెన్ సోర్స్ లైబ్రరీగా రూపొందించడం తెలుగు, కంప్యూటర్ శాఖలు కలిసి చేయదగిన పని. ఇంజిన్లు మారినా అది నిలుస్తుంది. ఆటల్లో తెలుగు సరిగా కనిపించడంతోపాటు సరిగా లెక్కకు రావడం దానితోనే సాధ్యం.