తొందరపడని విత్తనం

చిత్తూరు పడమటి మండలాల రైతులకు వాన రెండు రకాలు. దుమ్ము అణిగే వాన ఒకటి, పదునయ్యే వాన ఒకటి. మొదటిదాన్ని నమ్మి విత్తితే గింజ మొలిచి నాలుగు రోజుల ఎండకు మాడిపోతుంది. రెండోదాని కోసం కాచుకుని కూర్చుంటే ఒక్కో ఏడు అదునే దాటిపోతుంది. చెనిక్కాయ ఒక్కదాన్నే నమ్ముకున్న చేలల్లో ఈ తేడా ఎన్ని అప్పులు మిగిల్చిందో ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

ఆ రెండు వానల తేడాను గింజకే నేర్పే పని ఒకటి ఇప్పుడు ఊళ్లలో జరుగుతోంది. ప్రకృతి వ్యవసాయం వాళ్లు దాన్ని ‘పీఎండీఎస్’ అంటారు. వానలకు ముందే పొడి నేలలో విత్తడం. పేరు ఆఫీసుది. పని మాత్రం చేతులది. ఆ చేతుల గురించే నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

ముందు నవధాన్యాలు కలుపుతారు. పేరుకు తొమ్మిదే గానీ గంపలో ఇరవై రకాల దాకా ఉంటాయి. సజ్జ, జొన్న, కొర్ర, కంది, అనప, అలసంద, పెసర, ఉలవ, నువ్వులు, ఆముదం, గోగు, తోటకూర, గుమ్మడి. గోనెపట్టా మీద వీటిని పోసి బీజామృతం చిలకరిస్తారు. ఆవు పేడ, మూత్రం, కాస్త సున్నం, గట్టు మీది పిడికెడు మట్టి కలిపిన నీళ్లే బీజామృతం. గింజల్ని చేత్తో పిసకరు, పిసికితే పైపొర లేచిపోతుంది. పట్టా కొసలు ఇద్దరు పట్టుకుని అటు ఒకసారి, ఇటు ఒకసారి దొర్లిస్తారు. తడి పట్టిన గింజల మీద మెత్తగా జల్లించిన బంకమట్టి చల్లుతారు. మళ్లీ చిలకరింపు, మళ్లీ దొర్లింపు. తర్వాత ఎరువుగా వాడే ఘనజీవామృతం పొడి, పైన బూడిద. ఈ వరస ఊరిని బట్టి కొంచెం మారుతుంది. తడి ఎక్కువైతే గింజలన్నీ ఒకే ముద్ద. తక్కువైతే మట్టి రాలిపోయి గింజ మళ్లీ ఉత్తదే. కొలత చెంబుతో దొరకదు, వేళ్లకు తెలియాలి. పని తెలిసినామె ఒక గుప్పెడు తీసి అరచేతిలో ఆడించి చూసి చాలంటుంది. అప్పుడు నీడలో ఆరబెడతారు.

ఏప్రిల్, మే నెలల్లో ఆ ఉండల్ని చల్లి, పైన చెనిక్కాయ పొట్టో, కంది కట్టెలో, వరిగడ్డో కప్పుతారు. చీమకు, పక్షికి గింజ అంత సులువుగా దొరకదు. దుమ్ము అణిగే వానకు మట్టిపొర తడిసి మళ్లీ ఆరుతుంది, లోపలి గింజ కదలదు. పదునయ్యే వాన పడిననాడు పొర కరిగి మొలక లేస్తుంది.

రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో 2016లో రాష్ట్రంలో ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం మొదలైంది. దాన్ని ఊరూరా మోసింది మహిళా పొదుపు సంఘాలు. 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ మానవత్వ పురస్కారాన్ని పంచుకున్న ముగ్గురు విజేతల్లో మన రాష్ట్ర కార్యక్రమం ఒకటి. అంత దూరం వెళ్లిన పేరు వెనుక ఉన్నది ఈ గోనెపట్టాలే అని నా నమ్మకం.

అయితే ఇది ఒక ఇంటి పనిగా నిలవదు. ఎండాకాలంలో బీళ్లన్నీ ఊరి పశువులవి, గొర్రెలవి. చుట్టూ ఎండిన నేల, మధ్యలో ఒక్క చేను పచ్చగా ఉంటే ఏ మంద ఆగుతుంది? కాబట్టి ఊరు కూర్చుని మాట్లాడుకోవాలి. మందలు ఎటు పోవాలో ఒప్పందం కావాలి. మేత ఇంకో చోట దొరికితేనే ఆ ఒప్పందం నిలుస్తుంది. ఆ చోటు గుట్ట.

మదనపల్లె చుట్టుపక్కల, పాపాఘ్ని పరీవాహకంలో, గుట్టల మీద, మేత పోరంబోకుల్లో ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ ఊరి సంఘాలతో కలిసి ఏళ్ల తరబడి పనిచేస్తోంది. 1980ల చివర పాల సంఘాల పద్ధతిలో మొదలైన చెట్ల పెంపకందారుల సహకార సంఘాల నుంచి 2001లో పుట్టిన సంస్థ అది. గుట్ట పనిలో నాకు మహా ఇష్టమైన పనిముట్టు ఒకటుంది. రెండు కర్రలు పైన కలిపి, మధ్యలో ఒక అడ్డకర్ర కట్టి, పైనుంచి దారంతో రాయి వేలాడదీస్తారు. దారం అడ్డకర్ర మధ్య గుర్తు మీద నిలిస్తే రెండు కాళ్లూ ఒకే మట్టంలో ఉన్నట్టు. ఒక కాలు ఊని, రెండోది తిప్పి పెట్టి, అడుగడుగునా సున్నం గుర్తు వేస్తూ గుట్ట చుట్టూ నడుస్తారు. చదువు రానివాళ్లు కూడా దీనితో వాలుకు సరిగ్గా అడ్డంగా కందకం గీత గీయగలరు. ఆ గీత ఒక జానెడు తప్పితే నీళ్లు పల్లం వైపు జారి గట్టు తెంచుకుని పోతాయి. సరిగ్గా పడితే నీళ్లు కందకంలో నిలిచి ఇంకుతాయి. అగ్గి పడకుండా, మందలు తొక్కకుండా కొన్నేళ్లు కాపాడితే బోదగడ్డి, సీతాఫలం, వేప వాటంతట అవే తిరిగి లేస్తాయి. గడ్డి కోసుకుని ఇంటికి తెచ్చుకోవచ్చు.

ఇంకిన నీళ్లు మళ్లీ ఎవరో ఒకరి బోరులోంచే బయటికొస్తాయి. ఈ టమాటా సీమలో వెయ్యి అడుగులు దాటి తవ్వే బోర్లున్నాయి, అందరికీ తెలిసిందే. దీనికి ఆ ఫౌండేషన్ వాళ్లు ఊళ్లకు తెచ్చిన ఉపాయం ఒక ఆట. ఐదుగురు కూర్చుంటారు. ఒక్కొక్కరూ నీళ్లు ఎక్కువ తాగే పంటో, తక్కువ తాగే పంటో ఎంచుకుంటారు, ఎవరి ఎంపిక వాళ్లదే. ఏడాది ఏడాదికీ కింది నీటి మట్టం ఎంత తగ్గిందో చూపిస్తారు. ఆట అయ్యాక ఊరంతా కూర్చుని చర్చ. ఆంధ్రప్రదేశ్ ఊళ్లలో ఆడించిన ఈ ఆట మీద 2016లోనూ 2018లోనూ పరిశోధన పత్రాలు వచ్చాయి. ఆడిన ఊళ్లలో నీటి లెక్కల రిజిస్టర్లు, బోర్ల కట్టుబాట్లు పెట్టుకోవడం ఎక్కువైందని తేలింది. ఉపన్యాసాలతో కాని పని ఆటతో అయిందంటే, ఆ ఆటను కూర్చిన తీరుకు నేను చేతులెత్తి మొక్కుతాను.

గింజకు మట్టిపొర, గుట్టకు సున్నపు గీత, బోరుకు కట్టుబాటు. ఒకటి తీసేస్తే మిగతావి ఎక్కువ కాలం నిలవవు.

వచ్చే మే నెలలో పుంగనూరు మీదుగానో, మదనపల్లె మీదుగానో వెళ్తూ ఎండిన చేల మధ్య ఒక పచ్చటి చేను కనిపిస్తే బండి ఆపి దిగండి. ఆ విత్తనానికి మట్టిపొర కట్టిన చేతులు ఎవరివో అడగండి. మీ ఊళ్లో సెంటు నేలున్నా సరే, ఒక పిడికెడు నవధాన్యాలు వాళ్ల చేత కట్టించుకుని వెళ్లండి.