ముందు నుంచి చదివిన చరిత్ర

యూదుల మీద తెలుగులో పుస్తకం వచ్చిందంటే మన పాఠకుడి మనసు రెండు చోట్లకి పోతుంది. ఒకటి బైబిలు, రెండోది హిట్లరు. ఆ రెంటికీ నడుమ ఉన్న వందల ఏళ్ల సంగతి మనకి పట్టలేదు. ముఖ్యంగా చివరి నూటయాభై ఏళ్లలో ఆ జనం రాసుకున్న కథలు, ఆడిన నాటకాలు, నడిపిన పత్రికలు, తమలో తాము పడ్డ తగవులు మన దాకా దాదాపు రానేలేదు. ఆన్ ఫ్రాంక్ డైరీ చదివినవాళ్లు ఊరికి నలుగురైనా ఉంటారు. కథకుడు షోలెమ్ అలైఖెమ్‌ని చదివినవాళ్లు జిల్లాకి ఒకరుంటే గొప్పే. ఆ లోటు తీర్చే పుస్తకం ఇది. ముందుమాట అడుగుతూ రచయిత్రి, "మెచ్చుకోనక్కర్లేదు మాస్టారూ, చదివి తిట్టినా సరే" అంది. ఒకప్పుడు నా దగ్గర చరిత్ర చదువుకున్న పిల్ల కనక ఆ చనువుంది. తిట్టడానికి సందు దొరుకుతుందేమోనని చూస్తూనే చదివాను. రెండు చోట్ల దొరికింది. అవి చివర చెబుతాను.

ఈ పుస్తకానికి ఆధారం ఒక నిర్ణయం. చరిత్రని చివరి పేజీ నుంచి వెనక్కి చదవకూడదన్నదే ఆ నిర్ణయం. 1890ల్లో ఉక్రెయిన్ పల్లెలో పాలమ్ముకునే మనిషికి 1941లో ఏం జరగబోతోందో తెలియదు. అతనికి తెలిసింది గుర్రం మేత, కూతుళ్ల పెళ్లిళ్లు, దేవుడితో తగువు. మనకి ముందే తెలిసిన ముగింపుని అతని నెత్తిన పెట్టి చదివితే అతని బతుకంతా చావుకి పీఠికగా మిగిలిపోతుంది. చంపినవాళ్లు చేసింది చాలక, చదివేవాళ్లం మనం కూడా అతని బతుకుని కాజేసినట్టే.

యూదు చరిత్రని ఏడుపు కథగా రాసే అలవాటు మీద 1928లోనే తిరగబడ్డవారు సాలో బేరన్. గలీషియాలోని తార్నూఫ్‌లో పుట్టి, అమెరికా చేరి, 1930లో కొలంబియా విశ్వవిద్యాలయంలో యూదు చరిత్ర ఆచార్యులయ్యారు. ఆ తర్వాత ఆయన తల్లిదండ్రుల్ని నాజీలు చంపేశారు. అంత జరిగినా ఆయన తన మాట వెనక్కి తీసుకోలేదు. 1961లో నాజీ అధికారి ఐఖ్‌మన్ విచారణకి సాక్షిగా వెళ్లినప్పుడు, యుద్ధానికి ముందు ఐరోపా యూదుల బడులు, సంఘాలు, పండితులు, పత్రికలు ఎలా ఉండేవో కోర్టుకి వివరించారు. ఏం పోయిందో తెలియాలంటే ఏముండేదో ముందు తెలియాలి గదా! ఈ పుస్తకంలో బేరన్ పేరు వచ్చేది కొద్ది చోట్లే. ఆయన పద్ధతి మాత్రం ప్రతి అధ్యాయంలోనూ కనిపిస్తుంది.

మొదటి అధ్యాయం బెర్లిన్‌లో మొదలవుతుంది. 1819లో కొందరు యువకులు కలిసి, యూదుల గతాన్ని ఆధునిక శాస్త్ర పద్ధతిలో చదవాలని ఒక సంఘం పెట్టుకున్నారు. వాళ్లలో ఎడువార్ద్ గాన్స్ న్యాయశాస్త్రంలో దిట్ట. యూదుడిగా ఉన్నంతకాలం ఆయనకి విశ్వవిద్యాలయంలో ఉద్యోగం రాలేదు. 1825లో మతం మారాకనే వచ్చింది. తర్వాత ఆ సంఘంలో చేరిన కవి హైనే కూడా అదే ఏడు బాప్తిస్మం తీసుకున్నాడు. లియోపోల్ద్ త్సున్స్ మాత్రం మారలేదు. యూదు చరిత్రకీ సాహిత్యానికీ ఒక ఆచార్య పదవి ఏర్పాటు చెయ్యమని 1848లో ఆయన అర్జీ పెట్టుకుంటే ప్రభుత్వం తోసిపుచ్చింది. పదవి లేకుండానే ఆయన ఒక శాస్త్రానికి పునాది వేశారు. ఈ ముగ్గురి కథనీ రచయిత్రి తీర్పులు చెప్పకుండా పక్కపక్కన పెట్టింది. మతం మారినవాళ్లని నిందించలేదు, మారనివాణ్ణి దేవుణ్ణి చెయ్యలేదు.

అక్కణ్ణించి తూర్పు ఐరోపాకి వచ్చేసరికి ఆమె కలానికి ఊపు వచ్చింది. చదువుకున్న యూదులే తమ ఇంటి భాష యిడ్డిష్‌ని యాసభాషని, ఆడవాళ్ల భాషని చిన్నచూపు చూసే రోజుల్లో, హీబ్రూలో రాసే అబ్రమోవిచ్ 1864లో ఒడెస్సా పత్రికలో యిడ్డిష్ కథ మొదలుపెట్టాడు. పరువు పోతుందని జంకి సొంత పేరు పెట్టలేదు. కథ చెప్పేవాడిగా మెండెలే అనే పుస్తకాల బేరగాణ్ణి సృష్టించాడు. చివరికి ఆ బేరగాడి పేరే లోకంలో నిలిచింది. వాడుక భాష కోసం గిడుగువారు చేసిన పోరాటం ఎరిగిన తెలుగువాడికి ఈ జంకూ అర్థమవుతుంది, ఆ సాహసమూ అర్థమవుతుంది.

షోలెమ్ అలైఖెమ్ 1894లో మొదలుపెట్టిన పాలవాడు తెవ్యే కథలకి ఆమె ఇచ్చిన వ్యాఖ్యానం ఈ పుస్తకంలోకెల్లా నాకు నచ్చిన భాగం. 1964లో వచ్చిన 'ఫిడ్లర్ ఆన్ ద రూఫ్' అనే సంగీత నాటకం తెవ్యేని లోకమంతా తిప్పింది. కానీ అసలు కథల్లో ఒక కూతురు నీళ్లలో పడి ప్రాణం తీసుకుంటుంది, భార్య గోల్డె చనిపోతుంది. రంగస్థలం మీద ఆ రెండు చావులూ లేవు. ఆ చావుల్ని తలుచుకుంటూ కూడా తెవ్యే నవ్విస్తాడు. శాస్త్రవాక్యాలు తనకి తోచినట్టు తిప్పి చెప్పి దేవుణ్ణి నిలదీస్తాడు. ఆ హాస్యాన్ని 'కష్టాల్లోనూ నవ్విన జాతి' అని ఒక్క మాటలో తేల్చెయ్యకుండా, మాటా మాటా ఎలా పేర్చి ఆ నవ్వు పుట్టించాడో రచయిత్రి విప్పి చూపింది.

మరో యిడ్డిష్ రచయిత పెరెట్స్ గురించిన పేజీలూ అంత మంచివే. వకీలు పని పోయాక 1890లో ఆయన పోలండు పల్లెల్లో యూదుల స్థితిగతుల లెక్కలు రాసే బృందంతో వెళ్లాడు. ఇంట్లో ఎందరు, ఏం పని, రాబడెంత అని అడిగితే జనం అనుమానంగా చూశారు, కథలు చెప్పారు, ఎదురు ప్రశ్నలు వేశారు. లెక్కకి లొంగని ఆ బతుకే ఆయన పుస్తకంలోకెక్కింది. 1912లో రచయిత అన్‌స్కీ ఫోనోగ్రాఫు పట్టుకుని వోలిన్, పొదోలియా ఊళ్లు తిరిగి పాటలు, కథలు, మంత్రాలు సేకరించాడు. పుట్టుక నుంచి చావు దాకా మనిషి బతుకు మీద 2,000కు పైగా ప్రశ్నలతో ఒక ప్రశ్నావళి తయారుచేశాడు. ఆ తిరుగుడే ఆయన 'దిబ్బుక్' నాటకానికి ఊపిరి పోసింది.

భాషల తగవుని ఈ పుస్తకం దాచలేదు. 1908లో చెర్నోవిట్స్ సభ యిడ్డిష్‌ని యూదుల జాతీయ భాషల్లో ఒకటిగా ప్రకటించింది. అప్పటికే బెన్ యెహూదా జెరూసలేంలో హీబ్రూని ఇంటి భాష చెయ్యాలని పట్టుపట్టి కూర్చున్నాడు. రెండు వర్గాలూ పత్రికల్లో ఎడాపెడా తిట్టుకున్నాయి. ఆ గొడవలో ఆడవాళ్ల గొంతు ఎక్కడుందని రచయిత్రి వెతికింది. రబ్బీ కూతురైన ద్వోరా బేరన్, తండ్రి మగపిల్లలకి చెప్పే పాఠాలు తెర అవతల కూర్చుని విని హీబ్రూ నేర్చుకుని కథకురాలైంది. ఆమె మీద రాసిన అధ్యాయాన్ని తెలుగు కథకులు తప్పక చదవాలి.

హీబ్రూ కవి బియాలిక్ విషయంలో రచయిత్రి కాస్త కటువుగానే ఉంది. 1903లో కిషినెవ్‌లో 49 మంది యూదుల్ని చంపేశారు. సాక్ష్యాలు సేకరించమని ఒడెస్సా పెద్దలు కవిని అక్కడికి పంపారు. దెబ్బతిన్నవాళ్ల మాటలతో ఆయన నోటుపుస్తకాలు నింపుకున్నాడు. కానీ ఆయన బతికుండగా వెలుగు చూసింది ఆయన పద్యం, వాళ్ల సాక్ష్యాలు కాదు. చచ్చినవాళ్ల పిరికితనాన్ని దుయ్యబట్టిన ఆ పద్యం ఒక తరాన్ని ఊపేసింది. సాక్ష్యాల్లో మాత్రం ఎదురు తిరిగినవాళ్లు కూడా ఉన్నారు. సాహిత్యం చరిత్రని ఎలా మింగేస్తుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

1925లో విల్నాలో మొదలైన యిడ్డిష్ పరిశోధన సంస్థ యీవో కథ ఈ పుస్తకానికి నడిబొడ్డు. విశ్వవిద్యాలయాలు తలుపులు తియ్యకపోతే జనమే పరిశోధకులయ్యారు. దర్జీలు, బడిపంతుళ్లు, కుర్రకారు సామెతలు, కరపత్రాలు, పెళ్లి పాటలు, ఊరి సంఘాల దస్తావేజులు పోగుచేసి పంపేవాళ్లు. 1932, 1934, 1939ల్లో ఆ సంస్థ యువతీయువకులకి ఆత్మకథల పోటీలు పెడితే 600కు పైగా వచ్చాయి. ప్రేమలు, నిరుద్యోగం, పార్టీ తగాదాలు, అప్పు తెచ్చుకుని చదివిన పుస్తకాలు అన్నీ వాటిలో ఉన్నాయి. మూడో పోటీ జరిగిన ఏడే యుద్ధం వచ్చింది. రచయిత్రి ఆ ఆత్మకథల గురించి చెప్పేటప్పుడు ఆ పిల్లల భవిష్యత్తు గుర్తుచేసి మనల్ని ఏడిపించలేదు. వాళ్ల మాట వాళ్లని చెప్పనిచ్చింది.

అందుకే నాజీలు యూదుల్ని బంధించిన వార్సా ఘెట్టో దగ్గరికి వచ్చేసరికి మనకి అక్కడి మనుషులు తెలిసినవాళ్లుగా ఉంటారు. 1940 నవంబరులో చరిత్రకారుడు రింగెల్‌బ్లుమ్ 'ఒయ్నెగ్ షబ్బెస్' పేరుతో రహస్య బృందం కట్టి ఘెట్టో బతుకుని నమోదు చేయించాడు. యీవో నేర్పిన పద్ధతే అక్కడ పనికొచ్చింది. ఆ బృందం పాతిపెట్టిన పెట్టెల్లో మారణకాండ సాక్ష్యాలతోపాటు మిఠాయి కాగితాలు, ట్రాము టిక్కెట్లు, కచేరీ పోస్టర్లు కూడా ఉన్నాయి. ఉచిత భోజనశాల నడిపిన రాహెల్ ఔయెర్‌బాఖ్ దాని గురించి రాసిన కాగితాలున్నాయి. రేకుపెట్టెల్లో దాచినవి 1946లోనూ, పాల క్యానుల్లో దాచినవి 1950లోనూ మట్టిలోంచి బయటికొచ్చాయి. మూడో భాగం దొరకలేదు. 1944లో రింగెల్‌బ్లుమ్‌ని చంపేశారు. ఆ బృందంలో మిగిలిన ముగ్గురిలో రాహెల్ ఒకరు. తర్వాత ఆమె మారణకాండ స్మారక సంస్థ యాద్ వషెమ్‌లో సాక్ష్యాల సేకరణ విభాగాన్ని నడిపింది. రింగెల్‌బ్లుమ్, 1966లో నోబెల్ అందుకున్న అగ్నాన్, ఇద్దరూ బుచాచ్ అనే చిన్న ఊరివాళ్లే. ఒకరు ఆ ఊరిని కథల్లో నిలబెట్టారు, ఇంకొకరు చరిత్ర కాగితాలు పాతిపెట్టారు. ఆ జంటని పట్టుకోవడం రచయిత్రి చూపు.

యుద్ధంతో పుస్తకం ఆగిపోకపోవడం కూడా మంచి పని. 1952 ఆగస్టు 12న స్టాలిన్ ప్రభుత్వం మార్కిష్, బెర్గెల్సన్ వంటి యిడ్డిష్ రచయితల్ని కాల్చి చంపింది. విల్నా ఘెట్టోలో పుస్తకాలు దాచిన కవి సుత్స్‌కెవెర్ 1949లో టెల్ అవీవ్‌లో పెట్టిన యిడ్డిష్ పత్రిక 1995 దాకా నడిచింది. 1978లో యిడ్డిష్ కథకుడు సింగర్‌కి నోబెల్ వచ్చింది.

మన దేశం సంగతికొస్తే, కొచ్చి యూదు స్త్రీలు నోటుపుస్తకాల్లో రాసి కాపాడుకున్న మలయాళం పాటలు, 1983లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన నిస్సీమ్ ఎజెకియల్ కవిత్వం ఇందులో చోటు చేసుకున్నాయి. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో 1991లో సినగాగు కట్టుకున్న బెనె ఎఫ్రాయిమ్ కుటుంబాల గురించి రాసిన తీరు నాకు ప్రత్యేకంగా నచ్చింది. మాదిగ సమాజం నుంచి వచ్చిన వాళ్లు తమ మూలాలు ప్రాచీన ఇజ్రాయెల్‌లో ఉన్నాయని చెప్పుకునేదాన్ని ఆమె వెక్కిరించలేదు, గుడ్డిగా తలకెత్తుకోలేదు. కులం పెట్టిన హద్దుల్లోంచి చూస్తే ఆ మాటకి ఏ అర్థం వస్తుందో అడిగింది.

ఇక నా తగవులు. హస్కలా అనే జ్ఞానోదయ ఉద్యమం మీది అధ్యాయం పేర్లతో బరువెక్కింది. కొత్త పాఠకుడు అక్కడ కూలబడతాడు. రెండో ముద్రణలో సగానికి తగ్గించాలి. రెండోది పెద్ద లోటు. అరబ్బీ మాట్లాడే యూదులకి దక్కినవి కొద్ది పేజీలే. 1950-51ల్లో ఇరాక్ నుంచి దాదాపు 1,20,000 మంది ఇజ్రాయెల్‌కి వెళ్లిపోయారు. బాగ్దాద్‌లో పుట్టి పిల్లవాడిగా అలా వెళ్లిన సమీర్ నక్కాష్, 2004లో పోయేదాకా అరబ్బీలోనే నవలలు రాశాడు. చదివేవాళ్లు తక్కువని తెలిసీ భాష మార్చలేదు. ఐరోపాయే యూదు ఆధునికత మొత్తం అనే భ్రమని ఈ పుస్తకం కదిలించింది గాని కూల్చలేదు. ఆ పని ఆమె రెండో సంపుటిలో చెయ్యాలి.

పాఠకులకి ఒక సూచన. ఇది మొదటి పేజీ నుంచి వరసగా చదవాల్సిన పుస్తకమేమీ కాదు. తెవ్యే దగ్గర మొదలుపెట్టండి, అక్కణ్ణించి విల్నాకి వెళ్లండి, తర్వాత వెనక్కి రండి.

రచయిత్రికి ఒక పని అప్పజెబుతాను. ఈ పుస్తకంలోని యిడ్డిష్ భాగాలన్నీ ఇంగ్లీషు మీదుగా వచ్చినవే. ఆ మాట ఆమే నిజాయితీగా చెప్పుకుంది. 1980లో ఆరన్ లాన్‌స్కీ అనే కుర్రవాడు అమెరికాలో యిడ్డిష్ పుస్తకాలు పోగుచెయ్యడానికి బయల్దేరితే, మహా ఉంటే 70,000 మిగిలి ఉంటాయన్నారు పండితులు. ఇళ్లలో, అటకల మీద, చెత్తకుప్పల్లో వెతగ్గా 10 లక్షలు దాటాయి. వాటిలో వేలాది పుస్తకాలు ఈవేళ ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. కావల్సిందల్లా భాష. అది నేర్చుకోవే తల్లీ. మూలం నుంచి నేరుగా తెలుగులోకి ఒక్క కథ తెచ్చినా నీకింత చరిత్ర చెప్పినందుకు నాకు గురుదక్షిణ ముట్టినట్టే.

శుభాశీస్సులతో.